రెండున్నరా? మూడున్నరా?

ఆ రోజు మనవరాలి క్లాసు పిల్లల్ని విహారయాత్రకు తీసుకెళ్తూ, ‘హల్ఫ్ డ్రీ’కి తిరిగొస్తామని టీచరు చెప్పారు. డ్రీ అంటే మూడని నాకు తెలుసు. ఇంగ్లిష్‌లోని ‘హాఫ్ పాస్ట్ త్రీ’ లాంటిదే అనుకుని తాపీగా మూడున్నరకు వెళ్లాను. ఆరేళ్ల పిల్ల గంట నుంచీ టీచరు పక్కన ఒంటరిగా కూర్చుని ఉంది. డచ్ భాషలో ఆ మాటకు అర్థం మూడుకు అరగంట తక్కువని. అంటే రెండున్నర.

‘‘వార్ వాస్ యె, ఓపా?’’ అంది ఏడుపు గొంతుతో. ఎక్కడికెళ్లావు తాతా? నాకు పూర్తిగా అర్థమైన మొదటి డచ్ వాక్యం అదే.

మూడు నెలలు అమ్మాయి ఇంట్లో ఉండి వద్దామని ఆమ్‌స్టెల్వేన్ వెళ్లాను. నెదర్లాండ్స్‌లో మనం కాస్త తడబడితే చాలు, ఎదుటివాళ్లు ఇంగ్లిష్‌లోకి మారిపోతారు. ఆ మర్యాదలో పడి ఏళ్లు గడిచినా డచ్ రాని మనవాళ్లున్నారు. మనవరాలు మాత్రం మారదు. ఇంట్లో తెలుగు వింటుంది, జవాబు డచ్‌లో చెబుతుంది.

ఆ వారమే లైబ్రరీలో జరిగే క్లాసులో చేరాను. నామవాచకం ముందు ‘ద’ రావాలా, ‘హెట్’ రావాలా అన్నది చాలావరకు బట్టీ పట్టాల్సిందే. కుక్క ‘ద హోంట్’, ఇల్లు ‘హెట్ హౌస్’. బహువచనానికి ఎప్పుడూ ‘ద’యే. ముద్దుగా చిన్నది చేసి చెబితే ఎప్పుడూ ‘హెట్’. బుజ్జి కుక్క ‘హెట్ హోంట్యె’. అమ్మాయి అనే ‘మైస్యె’ కూడా అలాంటి ముద్దు పదమే కాబట్టి నపుంసకలింగం. తోటివాళ్లు విస్తుపోయారు. పిల్లకూ పిల్లికీ ఒకే ‘వచ్చింది’ వాడే తెలుగువాణ్ణి, నాకేమీ వింతనిపించలేదు.

అసలు ఆశ్చర్యం క్రియ దగ్గర. మామూలు వాక్యంలో అది రెండో స్థానంలో ఉంటుంది. ‘ఇక్ లేర్ నేడర్లండ్స్’ అంటే నేను - నేర్చుకుంటాను - డచ్. ముందు ‘ఒమ్‌డాట్’, అంటే ‘ఎందుకంటే’, చేరిందా, అదే క్రియ వాక్యం చివరికి పోతుంది. అచ్చం తెలుగులోలాగే.

ఎనిమిదో వారం టీచరు ఒక్కొక్కరినీ అడిగారు, డచ్ ఎందుకు నేర్చుకుంటున్నారని. కొందరు ఉద్యోగం కోసమన్నారు, కొందరు పౌరసత్వం కోసమన్నారు.

‘‘ఒమ్‌డాట్ మైన్ క్లైన్‌డొఖ్టర్ నేడర్లండ్స్ స్ప్రేక్ట్’’ అన్నాను. ఎందుకంటే నా మనవరాలు డచ్ మాట్లాడుతుంది.

తెలుగులో అనుకున్న వరసలోనే మాటలు వచ్చేశాయి. టీచరు దిద్దడానికేమీ మిగల్లేదు.