తుక్కుకు వెళ్లని ఇనుము

ఏనుమాముల మార్కెట్లో మిర్చి ఘాటు నుంచి బయటపడి వరంగల్ ఆటోనగర్‌కు వెళ్లాను. ఇంజన్ల పని చేసే ఓ షెడ్డులో లారీ ఇంజను విప్పి పెట్టారు. ఆరు సిలిండర్ల బ్లాకు నేలమీద, క్రాంకు షాఫ్టు గ్రైండింగ్ మిషను మీద.

“ఇది ఇక తుక్కుకేనా అన్నా?” అని అడిగాను.

“ఎట్ల పారేస్తం సార్, బ్లాకు మంచిగనే ఉంది” అంటూ మేస్త్రి బోరులోకి డయల్ గేజి దించాడు. అడుగున కదలని ముల్లు, పై రింగు ఆడేచోట గిర్రున తిరిగింది. అరుగుదల అంతా అక్కడే. సిలిండర్ల లోపలి గొట్టాలైన పాత స్లీవులు పీకి కొత్తవి దించితే బ్లాకు మళ్లీ పనికొస్తుంది. క్రాంకులో బేరింగు పట్టే భాగాన్ని (జర్నల్‌ను) పావు మిల్లీమీటరు తగ్గించి గ్రైండ్ చేసి, ఆ సైజు బేరింగులు వేస్తారు. మళ్లీ అరిగితే అర మిల్లీమీటరు సైజు ఉండనే ఉంది.

ఏళ్ల తరబడి తిరిగిన ఇంజనులో పోయింది ఆ కాస్తే! అందుకోసం మొత్తం ఇనుమును 1200 డిగ్రీలు దాటేదాకా కాచి కరిగించి, అచ్చుపోసి, మళ్లీ మిషను పట్టించడం ఎంత దుబారా! ఆ బొగ్గు, కరెంటు ఇక్కడ మిగులుతున్నాయి, ఆ పొగా తప్పుతోంది. డబ్బు సంగతీ అంతే. కొత్త ఇంజను సొమ్ము దూరపు ఫ్యాక్టరీకి పోతుంది. ఈ కూలి మాత్రం లేత్ పనివాడికి, గాస్కెట్ల కొట్టుకు, వరంగల్‌కే దక్కుతుంది.

కాజీపేట లోకోషెడ్డు పక్కనే ఉన్న ఊరికి ఇంజన్లు విప్పి బిగించడం కొత్త కాదు. రైల్వే ఈ పనిని భారీగానే చేసింది. పటియాలా కర్మాగారంలో 2600 హార్స్‌పవర్ డబ్ల్యూడీఎం-2 డీజిల్ ఇంజన్లను సగం వయసులో విప్పి, 3100 హార్స్‌పవర్‌కు పెంచి పంపారు. బాగుచేసిన పాతది కొత్తదానికి తీసికట్టన్న అపోహకు అదే జవాబు. ఫ్రాన్సులో రెనో కంపెనీ 1949 నుంచే పాత ఇంజన్లను ఇలా తిరిగి తయారుచేస్తోంది.

ఆటోనగర్‌లో నన్ను బాధపెట్టింది ఒక్కటే. విడిభాగాలు కడిగిన డీజిలు, నల్లటి నూనె నేరుగా మోరీలోకి పోతున్నాయి. అక్కడి షెడ్లన్నిటికీ కలిపి ఒక నూనె వడపోత తొట్టి కట్టించడం ప్రభుత్వానికి పెద్ద ఖర్చేం కాదు, వెంటనే కట్టించాలి.

లారీ యజమానులకు నా విన్నపం: ఇంజనును తుక్కుకు వేసేముందు బోరు, క్రాంకు కొలిపించండి. పని అయ్యాక కొలతలు రాసిన చీటీ అడిగి తీసుకోండి.