తెర మీద దేవదూతలు

మన కళాశాలలో ఉర్దూ విభాగం వారిని "ఫరిష్తా" అంటే ఎవరని అడగండి. కాంతితో సృష్టింపబడినవాడు, ఆకలి దప్పులు లేనివాడు, ఇచ్చిన ఆజ్ఞను జవదాటనివాడు అని తడుముకోకుండా చెబుతారు. తెలుగు విభాగం వారిని "దేవదూత" అంటే ఎవరని అడిగితే మాత్రం కొంచెం ఆలోచనలో పడతారు. అదే "యమదూత" అనండి, పాశము, కోరమీసము, గదతో సహా రూపం కట్టి చూపుతారు! ఈ వ్యత్యాసాన్ని గూర్చి మేము ఎన్నో రాత్రులు నవ్వుకొన్నాము. మేము అంటే రాచర్ల, గిద్దలూరు ప్రాంతాల నుండి వచ్చి ఒకే గదిలో అద్దెకుంటున్న నలుగురము. ఇద్దరము ఉర్దూ, ఇద్దరము తెలుగు. వంట మాత్రం అందరిదీ ఒకటే.

నిజానికి ఉభయ విభాగాలకూ చెందిన దూతలు కొందరు లేకపోలేదు. వారు వ్రాతగాండ్రు. మనిషికి ఇరుప్రక్కల కూర్చుండి అతని మంచిచెడ్డలను లిఖించే కిరామన్ కాతిబీన్ ఒకవైపు, చిట్టా విప్పి పాపపుణ్యాలు చదివే చిత్రగుప్తుడు మరొకవైపు. మార్కాపురం పలక మీద దిద్దుకొని, తప్పు వస్తే అరచేతితో తుడుచుకొని పెరిగిన ప్రాంతం మాది. చెరపడానికి వీలులేని వ్రాత అంటే మాకు సహజంగానే కొంత భయం.

ఈ సంవత్సరం మేము చూచిన ఒక అమెరికా టెలివిజన్ నాటకంలోని దేవదూతలు చిట్టాలు వ్రాసేవారు కారు. దాని పేరు "టచ్డ్ బై ఏన్ ఏంజెల్". మాలో ఒకని అన్నయ్య అమెరికాలో ఉద్యోగం చేస్తూ, సెలవులకు వచ్చినప్పుడు తన పాత డిస్కులు కొన్ని ఇక్కడ విడిచి వెళ్ళాడు. వాటిలో ఇది దొరికింది. సి.బి.ఎస్. సంస్థ దీనిని 1994 సెప్టెంబరులో ఆరంభించి 2003 ఏప్రిల్ వరకు నడిపింది. తొమ్మిది విడతలు, మొత్తం 211 భాగాలు. జాన్ మాసియస్ దీనికి మూలరూపకర్త. అయితే ఆ తొలి రూపం నచ్చక, సంస్థవారు మార్తా విలియమ్సన్ అనే రచయిత్రిని పిలిపించారు. ఆమె దానిని తిరిగి మలచి, నిర్మాణ బాధ్యత వహించింది. మొదటి సంవత్సరం ఆదరణ లేక ఇంచుమించు ఆగిపోయే స్థితికి వచ్చినా, తరువాత అది ఆ దేశంలో అత్యధికులు చూచే కార్యక్రమాలలో ఒకటయింది.

కథావిధానం చాలా సరళం. మోనికా అనే యువ దేవదూత, ఆమెపై అధికారిణి టెస్, మృత్యుదూత ఆండ్రూ. ప్రతి వారం ఒక ఇల్లు, ఆ ఇంటికొక కష్టం. మోనికా ఆ ఇంటికి పరిచారికగానో, ఉపాధ్యాయినిగానో, కార్యాలయంలో గుమాస్తాగానో వచ్చి చేరుతుంది. కొంతకాలం వారితోపాటు పని చేస్తుంది. చివరకు, ఇక దారి లేదని వారు కూలబడిన క్షణంలో తాను ఎవరో చెబుతుంది. అప్పుడు ఆమె శిరస్సు వెనుక ఒక వెలుగు కనబడుతుంది. దేవుడు నిన్ను మరచిపోలేదు అని ఆమె చెప్పే సందేశం. భాగం ముగిసే వేళకు ఒక తెల్లని పావురం ఎగిరిపోతుంది. మోనికాగా నటించిన రోమా డౌనీది ఉత్తర ఐర్లండు. ఆమె ఉచ్చారణ మా చెవులకు అందక, తెర అడుగున వచ్చే ఆంగ్లాక్షరాలను చదువుకొంటూ చూచాము. టెస్‌గా నటించిన డెల్లా రీస్ పేరుపొందిన గాయని. ఆ నాటకపు ఆరంభగీతం కూడా ఆమే పాడింది. ఆమె మోనికాను మందలించే తీరు చూస్తే మన ఊళ్ళలోని పెద్దమ్మలు గుర్తుకు వస్తారు. మృత్యుదూత ఆండ్రూ చేతిలో పాశము లేదు. మృదువుగా మాట్లాడే చక్కని యువకుడు. అతనిని చూచి మా తెలుగు మిత్రుడు నిరాశపడ్డాడు.

మన తెర మీద పరిస్థితి వేరు. పై లోకం వారు దిగివస్తే ఏదో ఒక వస్తువు పోగొట్టుకొనే వస్తారు. 1990లో వచ్చిన "జగదేకవీరుడు అతిలోకసుందరి"లో ఇంద్రజ ఉంగరం పోతుంది. ఆ అమెరికా నాటకం మొదలైన 1994లోనే వచ్చిన మన "యమలీల"లో భవిష్యవాణి గ్రంథం జారి భూమి మీద పడుతుంది. యముడు, చిత్రగుప్తుడు వెదకుకొంటూ రావలసి వస్తుంది. "యమగోల" (1977), "యముడికి మొగుడు" (1988) చిత్రాలలోనయితే మనిషే పైకి వెళ్ళి అక్కడి వారిని ముప్పుతిప్పలు పెడతాడు. మన ప్రేక్షకులు దేవలోకాన్ని కూడా ఒక సర్కారు కార్యాలయంగానే భావించి ఆనందించారని మా అభిప్రాయం. దస్త్రాలలో పొరపాటు, పై అధికారికి భయం, క్రింది ఉద్యోగికి చీవాట్లు! ఇందుకు భిన్నమైనది బాపు దర్శకత్వంలో 1969లో వచ్చిన "బుద్ధిమంతుడు". అందులో కృష్ణుడు పూజారి వద్దకు వచ్చి స్నేహితుని వలె ముచ్చటిస్తాడు. మోనికాకు మన తెర మీద దగ్గరి బంధువు ఎవరైనా ఉంటే ఆ కృష్ణుడే.

ఫరిష్తాలకు నటుల ముఖాలు తగిలించడం తగునా అని మా ఉర్దూ మిత్రులలో ఒకడు మొదటి రోజే అడిగాడు. తగదనే అతని మతం. అయినా రెండవ రోజు అందరికంటె ముందు వచ్చి కూర్చున్నది అతడే.

అసలు వివాదం మరొకని వద్ద వచ్చింది. అతనిది రాచర్ల దగ్గరి పల్లె. పడమటి వైపు నల్లమల కొండలు, ఆ కొండలలో నెమలిగుండ్ల రంగనాయకస్వామి, ఆ కొండలలోనే పుట్టిన గుండ్లకమ్మ. ఇన్ని ఉండి కూడా చేలకు నీరు లేదు. గుండ్లకమ్మకు కట్టవేసి పూర్వులు నిర్మించిన కంభం చెరువు గొప్పదే గాని, అది అందరి చేలకూ అందదు. కృష్ణా జలాలను నల్లమల క్రింద రెండు సొరంగాల గుండా తెచ్చే వెలిగొండ పథకానికి 1996లో శంకుస్థాపన జరిగింది. సొరంగాలను జాతికి అంకితం చేసినది 2024 మార్చిలో. మోనికా 211 ఇండ్లు చక్కబెట్టి వెళ్ళిపోయిన తరువాత కూడా ఇరవై యేండ్లు ఆ కొండను తొలుస్తూనే ఉన్నారన్నమాట! ఈలోగా రైతులు బోర్లు వేసికొన్నారు. మా మిత్రుని తండ్రి మూడు వేశాడు. మొదటిది రెండేండ్లు పోసి ఎండింది. రెండవదానిలో తడి తగిలింది, అంతే. మూడవదానిలో వందల అడుగుల లోతు నుండి దుమ్ము మాత్రమే వచ్చింది. అప్పు మాత్రం ఏ యేటికాయేడు ఊరుతూనే ఉన్నది.

ఆఖరు సంవత్సరపు పరీక్షలు రెండు నెలలున్నాయనగా మా మిత్రుడు చదువు మాని బెంగుళూరికి పనికి పోవాలని నిశ్చయించుకొన్నాడు. అటువంటి సమయంలో ఒక రాత్రి, తెర మీద వెలుగు వచ్చి మోనికా తన సందేశం చెబుతుండగా, అతడు చటుక్కున లేచి, "ఆమె మా చేనికి వచ్చి ఆ మాట చెబితే బోరులో నీళ్ళు పడతాయారా?" అన్నాడు. ఎవరమూ బదులు చెప్పలేకపోయాము. గదిలో దీపం కూడా వేయలేదు.

ఆ ప్రశ్న నాలుగు రోజులు మమ్మల్ని వదలలేదు. నాటకాన్ని తిరిగి తిరిగి పరిశీలించాము. మేము చూచినంతలో మోనికా ఎవరి అప్పూ తీర్చదు, పోయినవారిని తిరిగి తెచ్చి ఇవ్వదు. ఆమె చేసేవి రెండే పనులు. వచ్చి ఉండడం ఒకటి, అప్రియమైనా నిజం చెప్పడం రెండవది. తాగుబోతుతో నీవు తాగుబోతువని చెబుతుంది. కుమారుని మీద కోపాన్ని యేండ్ల తరబడి మోసిన తండ్రితో, ఇక దించు అని చెబుతుంది. ఆ తరువాతిది వారి ఇష్టం. ఈ మాట విని మా ఉర్దూ మిత్రుడు ప్రసిద్ధమైన ఒక హదీసును జ్ఞాపకం చేశాడు. మిక్కిలి తెల్లని వస్త్రాలు, మిక్కిలి నల్లని కేశాలు గల ఒక అపరిచితుడు, ప్రయాణపు బడలిక ఏ కోశానా లేకుండా, ప్రవక్త వారి సన్నిధికి వచ్చి, మోకాలికి మోకాలు ఆనించి కూర్చుండి ప్రశ్నలు అడుగుతాడు. వెళ్ళిపోయిన తరువాత గాని అతడు జిబ్రీల్ అని తక్కినవారికి తెలియదు. అట్లే ఇబ్రాహీం వారి ఇంటికి అతిథులుగా వచ్చిన దూతలను ఆయన ఎరుగక, కాల్చిన దూడ మాంసం తెచ్చి ముందు పెడతాడు. వారు చేయి చాపరు. అప్పుడు ఆయనకు భయం కలుగుతుంది. అన్నం ముట్టని అతిథిని చూచి భయపడడం మా పల్లెలలో నేటికీ ఉన్నదే.

మా మిత్రుడు ఇవన్నీ విని, "మా నాయన దగ్గరకూ ఒకడు వచ్చినాడులే, కొబ్బరికాయ పట్టుకొని" అన్నాడు. మా ప్రాంతంలో అరచేతిలో కొబ్బరికాయ పెట్టుకొని చేనంతా తిరిగి నీటి జాడ చెప్పేవారున్నారు. కాయ నిలువుగా లేచినచోట నీరున్నదని లెక్క. ఆ మూడు బోర్లకూ మూడుసార్లు కాయ లేచింది. నాలుగవసారి కూడా లేచింది. మిగిలిన రెండెకరాలు కుదువపెట్టి నాలుగవ బోరు వేయడానికి తండ్రి సిద్ధపడ్డాడు. కుమారుడు బెంగుళూరు పోవాలనుకొన్నది అందుకే. తండ్రికి వద్దని చెప్పే ధైర్యం ఇంట్లో ఎవరికీ లేదు. ఆశపడిన మనిషికి ఆశ వద్దని చెప్పడం ఎంత కష్టమో ఆ ఇంటికి వెళ్ళి చూచిన మాకు తెలుసు.

చెప్పినది వాళ్ళ వీధి చివర ఇడ్లీలు వేసి అమ్మే అవ్వ. ఆమె భర్త, చాలాకాలం క్రితం, ఇటువంటి అప్పులలోనే ప్రాణం తీసికొన్నాడని ఊరిలో అందరూ ఎరుగుదురు. ఆమె ఎన్నడూ ఆ ప్రస్తావన తేదు. మూడవ బోరు ఎండిన నాటి నుండి ఆమె ప్రతి సాయంత్రం వచ్చి వాళ్ళ అరుగు మీద కూర్చునేదట. మాటలు లేవు. చింతకాయలు గిల్లుకొంటూనో, వక్కలు కత్తిరించుకొంటూనో ఒక గంట కూర్చుండి వెళ్ళిపోయేది. కాయ నాలుగవసారి లేచిన రోజున మాత్రం నోరు విప్పింది. మేము ఆ ఆదివారం అక్కడే ఉన్నాము.

"నీళ్ళు లేవు నాయనా. ఉన్నాయని చెప్పినోడు కూలి తీసుకొని పోయినాడు. నేను కూలి అడగడానికి రాలేదు. లేవు."

ఆయన కోపగించుకొన్నాడు. "నీకేం తెలుసక్కా" అన్నాడు. ఆమె చింతకాయలు ఒడిలో నుండి దించి, "నాకు తెలియకపోతే ఎవరికి తెలుసు?" అన్నది. అంతకంటె ఏమీ అనలేదు. లేచి పోలేదు కూడా. చీకటి పడేవరకు అట్లే కూర్చున్నది. మా మిత్రుని తల్లి లోపల పొయ్యి దగ్గర ఏడుస్తున్నది. ఆయన చాలాసేపు మౌనంగా ఉండి, చివరకు, బోరు బండి వానికి ఇవ్వడానికి తెచ్చిన బయానా డబ్బు లోపలికి పంపి, "పెట్టెలో పెట్టు" అన్నాడు.

వాళ్ళ బోరులో నీళ్ళు పడలేదు. ఆ యేడు వాన మీద ఆధారపడి కంది వేశారు, నాలుగు గొర్రెలు కొన్నారు. అప్పు తగ్గింది కాని తీరలేదు. మా మిత్రుడు పరీక్షలు వ్రాశాడు. అతని ప్రశ్నకు ఇది సమాధానమా అని అడిగితే, కాదంటాడు. నీళ్ళు వేరు, ఇది వేరు అంటాడు. నీళ్ళు కావలసినచోట మంచిమాటలు పోస్తే సరిపోదని అతడనడం న్యాయమే. ఆ నాటకంలో మాకు నచ్చని సంగతీ అదే. ఒక గంటలోపల అందరి కన్నీళ్ళూ ఆరిపోతాయి. మా ఊళ్ళో ఒక్క "లేవు" అనే మాట నోటికి రావడానికి ఒక ముసలామెకు అన్ని సాయంత్రాలు పట్టినవి.

పరీక్షల తరువాత మేమందరము వాళ్ళ ఊరికి వెళ్ళినప్పుడు, అరుగు మీద ల్యాప్‌టాప్ పెట్టుకొని మిగిలిన డిస్కులు చూస్తున్నాము. అవ్వ వచ్చి మా వెనుక కూర్చున్నది. ఇంగ్లీషు ఆమెకు రాదు. మోనికా తల వెనుక వెలుగు రాగానే, "ఎవరా పిల్ల?" అని అడిగింది. ఫరిష్తా అని చెప్పాము. కష్టంలో ఉన్నవాళ్ళ ఇంటికి వచ్చి కొన్నాళ్ళు ఉండి పోతుందని చెప్పాము. ఆమె తెర వైపు తేరిపార చూచి,

"అన్నాళ్ళున్నదా? మరి వాళ్ళు ఆ పిల్లకు తినడానికేమన్నా పెట్టినారా?" అన్నది.

ఆ పిల్లకు కాఫీ అంటే ప్రాణమని చెప్పాము.

"కాఫీ ఒక్కటేనా!" అని ఆమె మూతి త్రిప్పుకొన్నది.