తీగ తెచ్చిన చెవుడు

మా ఆవిడకు చెవుడు వస్తున్నదని నిర్ధారించినవాణ్ణి నేనే. ఇన్నేళ్ళ వైద్యం నేర్పిన ధీమా అది.

అమెరికాలోని మనవడు ఆదివారాలు వీడియో కాల్ చేస్తాడు. వాడి ముఖం పెద్దదిగా కనబడాలని నా పాత కంప్యూటరును హాల్లోని టీవీకి కలిపాను. బొమ్మ దివ్యంగా వచ్చింది. ఆమె మాత్రం రెండు మాటలు విని, "మీరు మాట్లాడండి, పొయ్యి మీద కూర ఉంది" అని లేచిపోయేది. వయసుతో వచ్చే వినికిడి లోపం మొదట హెచ్చు పౌనఃపున్యపు ధ్వనులను హరిస్తుంది. స, ష వంటి హల్లులు జారిపోతాయి. గొంతు వినబడుతుంది, మాట అర్థం కాదు. లక్షణాలు సరిపోయాయనుకుని, చెవి మిషను కొందామన్నాను. మూడు రోజులు ఆమె నాతో ముభావంగా ఉన్నది.

వినికిడి పరీక్షలో వయసుకు తగిన స్వల్ప లోపమే తేలింది. పరీక్ష చేసిన అమ్మాయి అడిగింది: "టీవీలో సీరియళ్ళు వినబడుతున్నాయామ్మా?"

"శుభ్రంగా!"

రోగిని నేను అడగవలసిన మొదటి ప్రశ్న అది.

ఆ ఆదివారం టీవీకి చెవి ఆనించి విన్నాను. నిశ్శబ్దం. మనవడి గొంతు నా పక్కన, బల్ల కింది కంప్యూటరులోని బుల్లి స్పీకరు నుండి వస్తున్నది. ఆమె కూర్చునేది గదికి ఆ చివర.

నేను వాడిన తీగకు ఒక కొస డీవీఐ, రెండవ కొస హెచ్‌డీఎంఐ. 1999లో వచ్చిన డీవీఐని బొమ్మను మోయడానికే రూపొందించారు. 2002 చివర వెలువడిన హెచ్‌డీఎంఐ బొమ్మనూ ధ్వనినీ ఒకే తీగలో మోస్తుంది. అయితే కంప్యూటరు ధ్వనిని పంపకపోతే, టీవీ వైపు కొస ఏదైనా ప్రయోజనం లేదు.

హెచ్‌డీఎంఐ ఉన్న లాప్‌టాప్ తీసి, కొత్త తీగకై దుకాణానికి వెళ్ళాను. బంగారు పూత ఉన్నదైతే రంగులు మెరుగని ఊరించారు. నమ్మకండి. ఇందులో ప్రయాణించేవి అంకెలు. సరిగా అందితే బొమ్మ యథాతథం. తీగ చాలకపోతే చుక్కలు మెరుస్తాయి, తెర నల్లబడుతుంది, అంతే. 4కే తెరకు మాత్రం సెకనుకు 18 గిగాబిట్లు మోయగల తీగ అడగండి. తరువాత కంప్యూటరు సౌండ్ సెట్టింగులలో టీవీని ఎంచుకోవాలి. నేను అదీ మరిచి మరో అరగంట తిట్లు తిన్నాను.

ఇప్పుడు ఆదివారాలు కూర ముందే దించేస్తున్నది. వినికిడి పరీక్ష మాత్రం ఏటా చేయిస్తున్నాను, ఆమె పట్టుబట్టడం వల్ల నాక్కూడా.