అద్దంకి బండిలో తరిగిన నీరు

అద్దంకి పేరు వినగానే చదువుకున్న వారికి క్రీ.శ. 848 నాటి పండరంగని పద్యశాసనం జ్ఞాపకం వస్తుంది. మాకు మాత్రం ఇప్పుడు ఒక పికప్ బండి జ్ఞాపకం వస్తున్నది.

మేము వెళ్ళినది మార్చి నెలలో. గుండ్లకమ్మ సన్నగిల్లి పారుతున్నది. ఊరి వెలుపల కళ్లాలన్నీ ఎండుమిరపకాయలతో ఎర్రబడి, గాలి వీస్తే తుమ్ములు ఆగవు. మేము బస చేసిన ఇంటి సహోదరుడు తన బండిలో మిర్చి టిక్కీలను సంతమాగులూరు, నరసరావుపేట మీదుగా గుంటూరు యార్డుకు తోలి కుటుంబాన్ని పోషించుకుంటున్నాడు.

ఆ ఇంట ఒక చిక్కు వచ్చిపడింది. బండిలో పోసిన కూలెంట్ రెండు మూడు ట్రిప్పులకే తరిగిపోతున్నది. కింద చుక్క పడిన జాడ లేదు. "నేను పోస్తూనే ఉన్నానండీ" అని డ్రైవరు కుర్రవాడు కన్నీళ్ళు పెట్టుకున్నాడు.

"డబ్బులు జేబులో వేసుకుంటున్నాడు అయ్యగారూ. శనివారం లెక్క చూసి పంపేస్తాను" అన్నాడు యజమాని. నిజం చెప్పాలంటే మేమూ సగం నమ్మాము.

మరునాడు వేకువనే ముగ్గురం షెడ్డుకు వెళ్ళాము. ముసలి మేస్త్రి ఎవరినీ ఏమీ అడగలేదు. చల్లగా ఉన్న ఇంజనులో కూలెంట్ నిండుగా పోసి, డబ్బా మీద పెయింటుతో గీత గీసి, మూతలకు టేపు చుట్టి, "గుంటూరు వెళ్ళి రండి" అన్నాడు. మందిరానికి రేకులు తేవలసి ఉన్నందున మేమూ ఎక్కాము.

ఆ మరునాటి ఉదయం చూస్తే టేపు చెక్కుచెదరలేదు, కూలెంట్ మాత్రం గీతకు నాలుగు వేళ్ళ కిందికి దిగింది. యజమాని తల వంచుకున్నాడు. కుర్రవాడు మాట్లాడలేదు.

అప్పుడు మేస్త్రి రేడియేటరుకు చేతిపంపు బిగించి, మూత మీద ఉన్న అంకె వరకు ఒత్తిడి పెట్టాడు. అంత ఒత్తిడి ఉండబట్టే లోపలి నీరు 100 డిగ్రీలు దాటినా మరగదు. వేడి మీద మూత తీస్తే ముఖం మీదికి ఎగజిమ్మేదీ అందుకే. ముల్లు మెల్లగా దిగింది, బయట మాత్రం తడి లేదు. అంటే నీరు ఇంజను లోపలికే పోతున్నది.

అంతకుముందు వేరొక షెడ్డులో హెడ్ దించాలని చెప్పారట. మేస్త్రి తొందరపడలేదు. ఆయిల్ పుల్లను చూశాడు, పాలరంగు లేదు. రేడియేటరు మూతి వద్ద నీలిమందు పెట్టి ఇంజను నడిపాడు. హెడ్ గ్యాస్కెట్ పోయి మంటగాలి నీటిలోకి వస్తే ఆ మందు రంగు మారుతుంది. అది నీలంగానే ఉంది.

చివరకు ఈజీఆర్ కూలర్ విప్పాడు. పొగలో కొంత భాగాన్ని తిరిగి ఇంజనులోకి పంపే ముందు చల్లార్చే చిన్న పెట్టె అది. దాని లోపల మసి తడిసి ముద్దయింది. రంధ్రాలు మూసి, గాలి పెట్టి నీళ్ళలో ముంచగానే సన్నని బుడగలు వరుసగా లేచాయి. కూలెంట్ అక్కడ కారి, ఆవిరై పొగగొట్టం గుండా పోతున్నదన్నమాట. ఉదయం స్టార్టు చేయగానే వచ్చే తెల్లని పొగలోని తియ్యని వాసనను మేమందరం చూచీ చూడనట్లు వదిలేశాము.

"ఇంకా ఆలస్యమైతే సిలిండరులో నీరు నిలిచి కనెక్టింగ్ రాడ్డు వంగేది" అన్నాడు మేస్త్రి. కొత్త కూలర్ బిగించి, ఇకమీదట ఉప్పు బోరునీళ్ళు పోయవద్దనీ, డిస్టిల్డ్ వాటరుతో కలిపిన కూలెంటే పోయమనీ చెప్పాడు. మిగిలిన డబ్బాను పిల్లలకు, కుక్కలకు అందకుండా పైన పెట్టించాడు. అది తియ్యగా ఉంటుంది గాని విషం.

శనివారం లెక్క చూశారు. యజమాని కుర్రవాని జీతం చేతిలో పెట్టి, "తప్పు నాదిరా అబ్బాయ్, సోమవారం నాలుగింటికల్లా రా" అన్నాడు. వాడు తలూపి వెళ్ళాడు. మేము మాత్రం వాని ముఖం చూడలేకపోయాము.

పాఠకులారా, మీ ఇంట ఏది తరిగినా ముందు గీత గీసి చూడండి. మనిషి మీద మాట వేయడం ఆ తరువాత.