జమ్మి దరువు

మా ఊళ్లె దసరా మా నాయిన డప్పు మోగితేనే మొదలయ్యేది. పొద్దుగూకే ముందు గడి కాడినుంచి జమ్మిచెట్టు దాకా ఊరంతా కొత్తబట్టలు తొడుక్కొని కదిలేది. అందరికంటే ముందు మా నాయిన, ఇద్దరు చిన్నాయినలు, ఇంకో నలుగురు మావోళ్లు. నడిచేది ముందే గాని, చెట్టు దగ్గరికి పోయేసరికి మావోళ్లు వెనక్కి జరగాలె. పూజ అయినంక ఊరోళ్లు జమ్మాకు తెంపుకొని, 'బంగారం' అనుకుంట ఒకరి చేతుల ఒకరు పెట్టుకొని అలాయ్ బలాయ్ తీసుకునేటోళ్లు. మా నాయిన దోసిలి పడితే పైనుంచి నాలుగాకులు రాల్చేటోళ్లు. ఆ రాల్చినోడు ఒక్కోసారి నా ఈడు పోరడు. నాయిన పేరు చివర 'గా' తగిలించి పిలిచేటోడు. నాయిన వాన్ని 'పటేలా' అనేటోడు.

అలాయ్ బలాయ్ అంటే ఏందో నేను హాస్టల్‌కు పోయినంకనే తెలుసుకున్న. అంతకుముందు చూడక కాదు. చూసుడు వేరు, ఇంకో మనిషి రొమ్ము మన రొమ్ముకు తగులుడు వేరు.

బతుకమ్మది ఇంకో కథ. తంగేడు పువ్వు లేకుండా బతుకమ్మ లేదు. మా అవ్వ తంగేడు పూలు తెంపుకొస్తే, నాయిన అదే చెట్టు చెక్క ఒలుచుకొచ్చేటోడు. ఆ చెక్క నానెయ్యకపోతే లందల తోలు పదునుకు రాదు. పువ్వేమో ఊరోళ్ల తాంబాళంల గౌరమ్మ పక్కకు చేరేది. చెక్క మా లందల మురిగేది. ఒకే చెట్టు. దాని పువ్వును కండ్లకద్దుకున్నోళ్లే మా వాడ దిక్కు వచ్చినప్పుడు ముక్కు మూసుకునేటోళ్లు. 2014 నవంబరులో తంగేడును తెలంగాణ రాష్ట్ర పుష్పం చేసిండ్రు, జమ్మిని రాష్ట్ర వృక్షం చేసిండ్రు. మంచిదే. లంద ఊసు మాత్రం ఎవరూ ఎత్తలేదు.

1994 జూలై 7న ప్రకాశం జిల్లా ఈదుమూడిలో మాదిగ దండోరా పుట్టింది. ఆ మాట మా వాడ దాకా రావడానికి ఇంకో రెండేండ్లు పట్టింది. 1996 దసరా నాడు గడి నుంచి పిలుపొస్తే నాయిన పోలేదు. డప్పును దూలానికి తగిలించి, కింద గోడకానుకొని కూసున్నడు. రెండోసారి మనిషొచ్చిండు. "జరమొచ్చిందని చెప్పు" అన్నది అవ్వ. "జరం లేదు, ఏం లేదు. కొట్టనని చెప్పు" అన్నడు నాయిన. అంతే. ఉపన్యాసం ఇయ్యలేదు, నినాదం ఇయ్యలేదు. ఆ ఏడు దసరాకు ఎక్కడినుంచో బ్యాండు మేళం తెచ్చుకున్నరు. మాకేమో వరికోతల కూలి బందు పెట్టిండ్రు. దుకాణంల ఉద్దెర బందు. కల్లం కాడ వచ్చే నాలుగు చాటల వడ్లు మళ్ల ఎన్నడూ రాలేదు. అవ్వ నాలుగు మైళ్లు నడిచి పక్కూరికి కలుపుకు పోయేది. నాయిన కొట్టనన్న మాట వల్ల నేను చదువుకున్ననని అందరితోటి చెప్తుంట. కానీ ఆ మాటకు ఖరీదు కట్టింది ఎక్కువ మా అవ్వ.

ఇగ నా సంగతి. నాయిన దించిన డప్పును నేను ఎత్తుకున్న. యూనివర్సిటీల, ఊరేగింపులల్ల, తెలంగాణ ధూంధాంలల్ల కొట్టిన. నాయిన ఏమనలేదు. ఉద్యమంల కొట్టుడు ఆయనకు తెలిసినదే. కానీ 2014 అక్టోబరులో, రాష్ట్రం వచ్చినంక మొదటి దసరాకు, మా దళాన్ని మాదాపూర్ శిల్పారామంల కొట్టడానికి పిలిచిండ్రు. మధ్యల జిల్లా కేంద్రం నుంచి ఒకాయన ఉన్నడు. కళాకారులను కుదిర్చి పంపుడే ఆయన పని. తలకు వెయ్యి అన్నడు. నాయినకు తెల్లారి పట్నంల కంటి ఆపరేషన్ పరీక్ష ఉండె. "నేను గూడ వస్త, నువ్వేడ కొడుతున్నవో సూస్త" అన్నడు.

శిల్పారామం 1992ల రూపం పోసుకున్నది. అప్పటికి ఎదురుగ సైబర్ టవర్స్ లేదు, అది 1998ల లేచింది. ఇప్పుడు అద్దాల మేడల నడుమ ఈ చెట్లు, మట్టిగోడలు, వరుసగా దుకాణాలు. పోచంపల్లి చీరెలు, పెంబర్తి ఇత్తడి, నిర్మల్ బొమ్మలు, చేర్యాల మొహాలు. పండుగ రోజు గనక ఇసుకపోస్తే రాలకుండ జనం. నాయిన ఒక తోలు దీపం ముందల ఆగి, వేలితో తాకి, "మేకతోలు. మంచిగ గీకిండ్రు" అన్నడు. చెప్పుల దుకాణం కాడ చాలాసేపు నిలబడ్డడు. జత నాలుగువందల యాభై అని చెప్తే, నావంక చూసి నవ్విండు. ఆయన కుట్టిన కిర్రుచెప్పులు తొడుక్కొని దున్నినోళ్లు ఒక్కడన్నా పైసలిచ్చిండా?

లోపల పల్లెటూరి మ్యూజియం ఉన్నది. మనిషంత ఎత్తు బొమ్మలు, కుమ్మరి, కమ్మరి, మగ్గం, బండి, గుడిసెలు. నాయిన అంతా తిరిగి చూసి బయటికొచ్చి, "ఇండ్లన్నీ పక్కపక్కనే ఉన్నయిరా. ఇసొంటి ఊరు నేనెన్నడు సూడలే" అన్నడు. ఎగతాళి చేసిండో, మెచ్చుకున్నడో నాకిప్పటికీ తెల్వదు.

ఆరుబయట మెట్ల అరుగుల నడుమ ఆట. మాకంటే ముందు ఒగ్గుడోలు. ఆ తర్వాత నెమలీకల టోపీలతోటి గుస్సాడి. గుస్సాడి రాజ్‌గోండుల దీపావళి ఆట. దండారి పండుగకు దేవునికి మొక్కి కట్టే వేషం అది. పట్నంల మాత్రం ఏ పండుగకైనా కట్టిస్తరు. వాళ్ల గోస వాళ్లకు, మా గోస మాకు. మాకు గులాబిరంగు రుమాండ్లు, కాళ్లకు గజ్జెలు ఇచ్చిండ్రు. డప్పులు ఫైబర్‌వి. మంట మీద కాపే పని లేదు. నాయిన ఒకదాన్ని గోటితో కొట్టి చూసి, "ఇది డబ్బా" అని పక్కకు పెట్టిండు. చింతగింజల జిగురుతో తోలు అతికినోనికి అట్లనే అనిపిస్తది.

మొదటి రెండు దరువులకు జనం కదల్లేదు. మమ్ముల కుదిర్చినాయన పక్కనుంచి "స్పీడుది కొట్టుండ్రి" అని చెయ్యూపిండు. మా దళంల ఒక పిల్లగాడు తోచక సావు దరువు ఎత్తుకున్నడు. పాడె ముందల కొట్టేది. ఇగ అందరం అందుకున్నం. జనం లేచి ఎగిరిండ్రు! పండుగ బట్టల ఆడోళ్లు, పిల్లలు, ఐడీ కార్డులు మెడల ఉన్నోళ్లు, అందరూ. ఎవరి పీనుగకు ఎగురుతున్నరో వాళ్లకేం తెలుసు. నేను నాయిన దిక్కు చూసిన. ఆయన తల దించుకొని ఉన్నడు. భుజాలు మాత్రం ఊగుతున్నయి. నవ్వుతున్నడు.

ఆట అయినంక ఫోటోల కోసం జనం కిందికి దిగిండ్రు. తెల్ల పంచె, తలకు తువ్వాల చూసి నాయిన కూడా మా దళం మనిషే అనుకున్నడు ఒక పిలగాడు. ఇరవై ఐదేండ్లుంటయి. డప్పు తెచ్చి ఆయన చేతుల పెట్టి, "అంకుల్, ఒక్కసారి వాయించండి, ప్లీజ్" అన్నడు. నేను అడ్డం పోదామనుకున్న. అంతల్నే నాయిన డప్పు భుజానికి ఏసుకొని, కుడిచేత సిర్ర, ఎడమచేత చిటికెన పుల్ల సదురుకున్నడు. పద్దెనిమిదేండ్లు దాటింది ఆ చేతులు డప్పు ముట్టక. కొట్టిండు. జమ్మికి పోయే దరువు. తొందర లేదు దానికి, ఊరు నడిచినంత నిదానం. నిమిషం గూడ కొట్టలేదు. ఆపి డప్పు తిరిగిచ్చిండు.

ఆ పిలగాడు "సూపర్ అంకుల్, హ్యాపీ దసరా" అని నాయినను రెండు చేతుల్తోటి కావలించుకున్నడు. నాయిన కట్టె లెక్క బిగుసుకపోయిండు. చేతులు ఎక్కడ పెట్టాల్నో తెల్వక గాలిల ఉంచిండు. పిలగాడు ఫోటో దిగి పోయిండు.

మమ్ముల కుదిర్చినాయన గేటు కాడ తలకు ఆరువందలు లెక్కపెట్టి ఇచ్చిండు. మిగిలినయి డ్రెస్సులకు, గజ్జెలకు పట్టుకున్నడట. రాత్రయింది, మాకు గొంతులు పోయినయి. ఎవ్వరం మాట్లాడలే.

బస్సుల నాయిన కిటికీ పక్కన కూసున్నడు. చానాసేపటికి అడిగిండు.

"ఏమోళ్ల పిలగాడురా వాడు?"

"ఎట్ల తెలుస్తది నాయినా."

"వానికి గూడ మనం ఏమోళ్లమో తెల్వదు గద."

"తెల్వదు."

"తెలిస్తే?"

నేను జవాబు చెప్పలే. చెప్పేటంత నమ్మకం లేదు, లేదనేటంత మనసు లేదు. బస్సు లైట్లు తీసేసిండ్రు. నిద్రపోయిండనుకున్న. మళ్ల గొంతు ఇనబడ్డది.

"ఆడ... రేపు నువ్వు రానంటే, ఊకుంటరా?"

"ఊకుంటరు. వేరేటోళ్లను పిలుచుకుంటరు."

"కూలి బందు వెట్టరా?"

"పెట్టరు."

కొంచెంసేపు ఆలోచన చేసిండు.

"గట్లయితె కొట్టు. గని వానిదగ్గర నాలుగువందలు వసూలు చెయ్యి. అందరివి."