ట్యాంకు వెనక వైపు నేను చూడలేదు



ఈ వారం రాద్దామనుకున్నది వేరే. దాన్ని వచ్చే వారానికి జరిపి, ముందు నా తప్పొకటి ఒప్పుకుంటాను.

గత నవంబర్‌లో నేనొక ఫొటో పెట్టాను. మొదటి ప్రపంచ యుద్ధం నాటి పెద్ద ట్యాంకు. దాని మీదా చుట్టూ కూలీలు. మట్టి కడుగుతున్నారు. "1916, సోమ్ యుద్ధభూమి. దొరల ట్యాంకులు కడిగిన మన చేతులు" అని కింద రాశాను. మీలో చాలామంది షేర్ చేశారు. ఒక మీటింగ్‌లో ఫ్లెక్సీ మీద కూడా వేశారు. ఆ ఫొటో నాకు వాట్సాప్‌లో వచ్చింది. ఎవరు తీశారు, ఎక్కడ తీశారు అని నేను ఎవర్నీ అడగలేదు.

అది 1916 కాదు. సోమ్ కాదు. అందులో ఉన్నది మన వాళ్ళు కాదు.

ఈ సంగతి నాకు చెప్పింది మా కాలేజీలో డిగ్రీ రెండో సంవత్సరం చదివే పిల్లవాడు. పేరు రాయొద్దన్నాడు. క్లాసులో వెనక బెంచీలో ఫోన్‌లో ట్యాంకుల ఆట ఆడుతూ నా చేతిలో రెండుసార్లు తిట్లు తిన్నవాడే. ఒకరోజు స్టాఫ్ రూమ్ గుమ్మం దగ్గర చాలాసేపు నిలబడ్డాడు. ఏంట్రా అంటే, "మేడమ్, మీరు కోపానికి రావొద్దు. మీరు పెట్టిన ట్యాంకు 1916ల లేదు" అన్నాడు.

లోపలికి రమ్మన్నాను. ఫోన్‌లో ఫొటో పెద్దది చేసి చూపించాడు.

బ్రిటిష్ వాళ్ళ తొలి ట్యాంకులన్నీ దూరం నుంచి ఒక్కలాగే ఉంటాయి. పక్కకు వాలిన పలక ఆకారం, దాని చుట్టూ తిరిగే ఇనుప గొలుసు పట్టా, రెండు పక్కలా పొట్టలాగా బయటికొచ్చిన తుపాకీ అరలు. 28 టన్నుల బరువు, లోపల ఎనిమిది మంది. పెద్ద ఫిరంగులున్నదాన్ని మేల్ అనీ, మెషిన్ గన్లు మాత్రమే ఉన్నదాన్ని ఫిమేల్ అనీ పిలిచారట. ఆ పేర్ల గురించి ఇంకోసారి మాట్లాడుకుందాం.

తేడాలు వెనక వైపు ఉంటాయన్నాడు. 1916 సెప్టెంబర్ 15న సోమ్ దగ్గర మొట్టమొదట యుద్ధంలోకి దిగింది మార్క్ వన్. దానికి వెనకాల తోకలాగా రెండు చక్రాలుంటాయి, బండిని తిప్పడానికి. అవి పెద్దగా పనికిరాలేదని కొద్ది నెలల్లోనే తీసేశారు. కాబట్టి తోక చక్రాలు కనిపిస్తే అది తొలి రోజుల ఫొటో. 1917 వేసవిలో మార్క్ ఫోర్ వచ్చింది. పెట్రోల్ ట్యాంకును లోపల్నుంచి తీసి వెనక భాగంలో బయట బిగించారు. పైన రెండు పట్టాలు, వాటి మీద పెద్ద దూలం. బురదలో దిగబడితే ఆ దూలాన్ని గొలుసులకు కట్టి పైకి లేస్తుంది. ఫిరంగి గొట్టాలు కూడా మార్క్ వన్ కంటే పొట్టివి. 1918లో మార్క్ ఫైవ్. దానికి పైన, వెనక వైపు, ఇంకో చిన్న గది లేచి ఉంటుంది. అంతకుముందు బండిని తిప్పాలంటే నలుగురు కావాలి. ఇందులో ఒక్క డ్రైవర్ చాలు.

"మీ ఫొటోల వెనక గది ఉంది మేడమ్. చక్రాల్లేవు. మార్క్ ఫైవ్. 1916ల ఈ బండి పుట్టనే లేదు."

ఇవన్నీ ఆటలోనే నేర్చుకున్నావా అని అడిగాను.

"కొంచెం ఆటల, కొంచెం పాత ఫొటోలు చూసి. గని ఎనక నుంచి చూసుడు మా నాయిన నేర్పిండు. ఆయన సర్వీసింగ్ సెంటర్ల లారీలు కడుగుతడు. ముందర అన్నీ ఒక్కతీరే కనవడ్తయ్, ఎనకకు పోయి చూడు అంటడు."

నాకు మాట రాలేదు. నేను తెలుగు సాహిత్యంలో పీహెచ్‌డీ చేశాను. ఒక కావ్యంలో కవి కాలానికి లేని మాట కనిపిస్తే, అది తర్వాత ఎవరో చేర్చిన పద్యం కావచ్చని అనుమానించమని క్లాసులో చెప్తాను. ప్రతుల్ని పోల్చి చూడకుండా పాఠం ఒప్పుకోవద్దంటాను. ఆ వెనక గది సరిగ్గా అలాంటి మాటే. పద్యం విషయంలో చేసే పని ఫొటో విషయంలో నేనెందుకు చేయలేదు? ఎందుకంటే ఆ ఫొటోలో మన వాళ్ళు ఉండాలని నాకు ఆశ.

తర్వాత ఇద్దరం కూర్చుని వెతికాం. ఆ ఫొటో ఇంపీరియల్ వార్ మ్యూజియం వాళ్ళ సేకరణలో దొరికింది. 1918 వసంతం, ఉత్తర ఫ్రాన్స్‌లో ట్యాంక్ కోర్ సెంట్రల్ వర్క్‌షాప్. కడుగుతున్నవాళ్ళు చైనీస్ లేబర్ కోర్ మనుషులు.

బ్రిటిష్ వాళ్ళు ఆ కోర్‌లోకి సుమారు 95,000 మందిని తీసుకెళ్ళారు. ఎక్కువమంది షాన్‌డాంగ్ ప్రాంతపు పేద రైతులు. ఒక్కొక్కరికీ ఒక నంబర్ ఇచ్చి, ఆ నంబరున్న ఇత్తడి పట్టీని మణికట్టుకు రివెట్ కొట్టి బిగించారు. ఇప్పుడు ట్యాంకుల సంగతి చూడండి. వాటికి పేర్లుండేవి. డెబోరా అనే ట్యాంకును ఫ్లెస్కియేర్ ఊరి దగ్గర 1998లో భూమిలోంచి తవ్వి తీశారు, ఇప్పుడు మ్యూజియంలో ఉంది. ఫాన్ టాన్ అనే ఇంకో ట్యాంకుకు ముందు వైపు రెండు కళ్ళు గీశారు, చైనా పడవలకు గీసినట్టు. దానికి డబ్బిచ్చింది మలయాలో సంపన్నుడైన చైనా వ్యాపారి యూ టాంగ్ సెన్. డబ్బిచ్చినాయన పేరు దొరుకుతుంది. మట్టి కడిగినాయన పేరు ఆ ఫొటో కింద లేదు.

పోస్ట్ సరిచేస్తానంటే మన మిత్రులే కొందరు వద్దన్నారు. "వాళ్ళు కట్టుకథల్ని చరిత్ర పుస్తకాల్లో పెట్టి మన పిల్లలకు నేర్పుతున్నారు. మనది ఒక్క ఫొటో తప్పైతే ఏమైంది? చెప్పిన విషయం నిజమే కదా" అన్నారు.

ఆ కోపం నాకూ ఉంది. కానీ నేను చేసిన పని చూడండి. ఒక కూలీ తన చెమటతో నిలబడిన చోటు నుంచి అతన్ని తీసేసి, అక్కడ నా వాళ్ళను నిలబెట్టాను. మన పనికి వేరేవాళ్ళ పేరు పెట్టారని కదా మనం ఇన్నేళ్ళుగా కొట్లాడుతున్నది? అదే పని నేను ఇంకొకరికి చేశాను.

పైగా మనకు ఆ ఫొటో అక్కర్లేదు. 1917లో ఫ్రాన్స్ వెళ్ళిన ఇండియన్ లేబర్ కోర్ ఉంది. బీహార్ నుంచి, మణిపూర్ నుంచి, ఖాసీ, లుషాయ్ కొండల నుంచి మనుషులు వెళ్ళారు. మన వాడి ఆనవాలే కావాలంటే ఇంగ్లండ్‌లో బ్రాకెన్‌హర్స్ట్ చర్చి స్మశానంలో ఒక రాయి ఉంది. దాని మీద సుఖా అని పేరుంది, బరేలీలోని అతని మొహల్లా పేరుంది, 1915 జనవరి 12న 30 ఏళ్ళకు పోయాడని ఉంది. గాయపడిన భారత సైనికుల ఆస్పత్రిలో పారిశుధ్య కార్మికుడు. అంటరానివాడని హిందువులు దహనానికి ఒప్పుకోలేదనీ, ముస్లిం కాదని ముస్లింల స్మశానంలోనూ చోటు దొరకలేదనీ, అప్పుడు ఆ ఊరి పాస్టర్ తన చర్చి నేల ఇచ్చాడనీ అక్కడ చెప్పుకుంటారు. రాయి ఊరివాళ్ళు వేయించారు. సముద్రం దాటినా కులం ఎలా వెంట వెళ్ళిందో చెప్పడానికి ఈ ఒక్క రాయి చాలు. నేను దీన్ని వెతక్కుండా వాట్సాప్ ఫొటో పట్టుకున్నాను.

పాత పోస్ట్ తీసేయలేదు. తప్పేమిటో పైన రాసి ఉంచాను. ఫ్లెక్సీ వేసిన తమ్ముళ్ళకు ఫోన్ చేసి చెప్పాను. షేర్ చేసినవాళ్ళు దయచేసి ఈ పోస్ట్ కూడా షేర్ చేయండి.

విద్యార్థులకు ఒక మాట. "మన చరిత్ర" అని ఏదైనా ఫొటో వస్తే, గుండె కొట్టుకున్నా సరే, వెంటనే ముందుకు తోయకండి. అందులో వస్తువులేమున్నాయో చూడండి. బండి, తుపాకీ, బట్టలు, గోడ మీది రాత. అవి ఏ ఏడాదివో కనుక్కోండి. తర్వాత మనుషుల్ని చూడండి, వాళ్ళెవరో అడగండి. మీ ఇంట్లో పాత ఫొటో ఉంటే, పెద్దవాళ్ళు బతికుండగానే పేర్లడిగి వెనకాల రాసి పెట్టండి.

నేను ఆ పిల్లవాడి నాన్నను కలవడానికి సర్వీసింగ్ సెంటర్‌కు వెళ్ళాను. పైపు పట్టుకుని లారీ కింద ఉన్నాడు. మీ అబ్బాయి నాకు పాఠం చెప్పాడన్నా అన్నాను. ఆయన కంగారుపడి, "ఏమన్నా తప్పు మాట్లాడిండా మేడమ్?" అని అడిగాడు.

లేదన్నా, తప్పు నాదే అని చెప్పాను.

జై భీమ్.