జానెడు జాగా

మొన్న జుమెరాత్ నాడు, అసర్ నమాజ్ అయ్యాక, పెద్ద బిడ్డను ట్యూషన్ నుంచి బండి మీద ఇంటికి తీసుకొస్తున్నాను. అత్తాపూర్‌లో ఎక్స్‌ప్రెస్‌వే కింది రోడ్డు. పైన టూవీలర్లకు ఇజాజత్ లేదు కదా, కార్లు హాయిగా పైనుంచి పోతుంటాయి. కింద పిల్లర్ల పక్కన మేము, ఆటోలు, బస్సులు, తోపుడు బండ్లు అందరం కలిసి పోతుంటాం.

వెనక నుంచి ఒక తెల్ల కారు నన్ను దాటింది. దాటీ దాటగానే, ఇండికేటర్ లేదు ఏమీ లేదు, నా ముందు నుంచే ఎడమ చేతి గల్లీలోకి తిరిగింది. రెండు బ్రేకులూ నొక్కాను. వెనక టైరు ఇసుకలో జర్రున జారింది. పడలేదు, అల్‌హందులిల్లాహ్. కారుకూ నా హ్యాండిల్‌కూ మధ్య జానెడు జాగా మిగిలింది. బిడ్డ హెల్మెట్ వచ్చి నా హెల్మెట్‌కు ఠక్‌మని కొట్టుకుంది. తను ఏమీ అనలేదు. నా చొక్కాను మాత్రం గుప్పిట్లో గట్టిగా పట్టుకుంది.

అక్కడ ఒక్క నిమిషం ఆగి ఊపిరి పీల్చుకుంటే సరిపోయేది. ఆగలేదు. గుస్సా అట్లాంటిది, ముందు కాళ్లు వణుకుతాయి, ఆ వణుకు చూసి మనకే షరమ్ వేస్తుంది, ఆ షరమ్ మళ్లీ గుస్సా అవుతుంది. బండి గల్లీలోకి తిప్పి కారు వెంట పడ్డాను.

ఇట్లాంటప్పుడు బైకు వాళ్లం చేసే పనులు మీకు తెలియనివి కావు. కొందరు హారన్ మీద నుంచి చెయ్యి తీయరు. కొందరు పక్కకొచ్చి అద్దంలోకి చూస్తూ చెయ్యి తిప్పుతారు, 'క్యా రే' అన్నట్టు. సైడ్ మిర్రర్‌ను మోచేత్తో కొట్టిపోయే నౌజవాన్లు ఉన్నారు. కారు ముందు బండి అడ్డం పెట్టి దిగే మహానుభావులు సరేసరి. నేను వెంటపడే రకం. నలభై మూడేళ్లు వచ్చినా ఇంకా ఆ రకమే.

ఆ గల్లీలో పిల్లలు క్రికెట్ ఆడుతున్నారు. బంతి కోసం ఒక బాబు, ఆరేడేళ్లు ఉంటాయేమో, నా బండి ముందుకు ఉరికాడు. మళ్లీ రెండు బ్రేకులూ. ఈసారి జానెడు కూడా లేదు. గడపలో కూర్చుని చిక్కుడుకాయలు తుంచుతున్న ఒక బహెన్ లేచి అరిచింది, 'అంధే హో క్యా? పీఛే బచ్చీ భీ బైఠీ హై!' అని.

కారాయనతో అందామని నేను నోట్లో పెట్టుకుని వస్తున్న మాట అదే.

తౌబా, అప్పుడు కూడా ఆగలేదు నేను. ఆ బాబు వైపు తిరిగి చూడకుండా ముందుకు పోయాను. గల్లీ చివర కారు ఆగి ఉంది. దిగుతున్న పెద్దాయనకు మా అబ్బా వయసు ఉంటుంది. నా మొహం చూసి, 'క్యా హువా బేటా?' అన్నాడు. నటన కాదు. నిజంగానే ఆయనకేమీ తెలియదు. నన్ను చూడనే లేదు. నేను అక్కడ ఉన్నట్టే ఆయన లెక్కలో లేదు.

తర్వాత మా బావమరిది కారులో కూర్చుని చూశాను. అద్దాల్లో కనిపించని జాగా ఉంటుంది, వెనక పక్కన, సరిగ్గా బండి పట్టేంత. ముందు అద్దం పక్కనున్న ఇనప స్తంభం వెనకైతే రోడ్డు దాటే మనిషి మొత్తం దాక్కుంటాడు. తల తిప్పి చూస్తే తప్ప తెలియదు. తల తిప్పకపోవడం ఆయన గల్తీయే, మాఫ్ చేసేసి మాట్లాడటం లేదు. గంటకు నలభై కిలోమీటర్ల మీద ఉన్న బండి ఒక్క సెకనులో పదకొండు మీటర్లు పోతుంది. ఆ సెకనులో ఆయన చూడలేదు.

నేనూ ఏమీ తక్కువ తినలేదు. పోయిన రంజాన్‌లో మెహదీపట్నంలో అదే బావమరిది కారు ఆపి, వెనక చూడకుండా డోరు తీశాను. వెనక నుంచి వస్తున్న డెలివరీ కుర్రాడు బండి వంచి ఎట్లాగో తప్పించుకున్నాడు. కొంచెం ముందు ఆగాడు. దెబ్బలాటకు వస్తాడనుకున్నా. హెల్మెట్ అద్దం పైకెత్తి, 'దేఖ్ కే ఖోలో చిచ్చా' అని, వెళ్లిపోయాడు. ఇఫ్తార్ వేళ, వాడి సంచిలో ఎవరి హలీమో వేడిగా ఉండి ఉంటుంది. ఆ రోజు నుంచి డ్రైవర్ సీట్లో ఉంటే డోరు ఎడమ చేత్తో తీస్తున్నాను. అట్లా తీస్తే ఒళ్లు దానంతటదే తిరిగి, కళ్లు వెనక రోడ్డు మీద పడతాయి. నెదర్లాండ్స్‌లో సైకిళ్ల వాళ్ల కోసం ఇదే నేర్పుతారట. వాడు తిట్టి ఉంటే నేనూ తిట్టేవాణ్ని, మాట అక్కడే పోయేది.

పెద్దాయనతో ఏం మాట్లాడాలో తెలియక, 'కుఛ్ నై చచ్చా, ఇండికేటర్ డాలో' అని బండి తిప్పుకున్నాను. ఆయన 'అచ్ఛా అచ్ఛా' అన్నాడు, అర్థమైందో లేదో.

ఇంటికి వచ్చాక బిడ్డ వాళ్ల అమ్మీకి అంతా చెప్పింది, కారు సంగతి ఒక్క ముక్కలో, బాబు సంగతి వివరంగా. నాకు చాయ్ ఇస్తూ బేగం ఏమీ అనలేదు. రాత్రి పడుకోబోతూ బిడ్డే అడిగింది, 'అబ్బా, ఆ బాబుకు సారీ చెప్పలేదు కదా మీరు?' అని.

సనీచర్ నాడు ఉస్మానియా బిస్కెట్ల డబ్బా పట్టుకుని ఆ గల్లీకి పోయాను. అరుగు మీద ఎవరూ లేరు. పది మంది పిల్లలు ఆడుతున్నారు, వాళ్లలో ఆ బాబు ఎవరో గుర్తుపట్టలేకపోయాను. ఆ రోజు వాడి మొహం సరిగా చూస్తే కదా. డబ్బా అందరి మధ్యా పెట్టి వచ్చాను. ఒకడు 'కిస్ బాత్ కా అంకుల్?' అని అడిగాడు. చెప్పలేకపోయాను.